బండల మీద కంప్యూటర్

ఆళ్లగడ్డలో మా బడికి కంప్యూటర్ వచ్చిన సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎనభైల నడుమ మాట. వేసవిలో నంద్యాలలో నాకు శిక్షణ ఇచ్చి, ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు నేర్పమని పంపారు. పెట్టె రాగానే హెడ్మాస్టరు దానికి దర్జీ చేత మఖ్మల్ ముసుగు కుట్టించి, గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

"పిల్లోల్ల చేతికిస్తే ఉంటాదా అమ్మా? పాడైతే జవాబు చెప్పాల్సింది నేను," అన్నాడు.

ఇక నేనేం నేర్పాలి, నా తలకాయ! ఈత నేర్పమని పంపి బావికి మూత పెట్టినట్టుంది. చివరికి వరండాలో పరిచిన బేతంచెర్ల బండల మీద సుద్దముక్కతో ఒక్కో అక్షరం రాశాను, కీబోర్డులో ఉన్న వరుసలోనే. పిల్లలు బండ మీంచి బండ మీదికి గెంతుతూ ఆదేశాలు కొట్టేవాళ్లు. ఒకరు తెరలా నిలబడి జవాబు చెప్పాలి. తప్పు అక్షరం తొక్కితే తెర నోరు మూసుకోవాలి. నవ్వుతూనే నేర్చుకున్నారు.

శిరివెళ్ల వైపు నుంచి బస్సులో వచ్చే ఏడో తరగతి పిల్ల ఒకతె కిందికి చూడకుండానే గెంతేది. దసరా ముందర నా దగ్గరికి వచ్చింది.

"సెలవులైనాంక రాను టీచర్. శనగ విత్తే పనులుండాయని నాయన బడి మాన్పిస్తాండాడు. ఒక్కసారన్నా ఆ పెట్టె మీద నా పేరు కొట్టనీయండి."

వాళ్ల నాయనకు నచ్చజెప్పబోయాను, వినలేదు. హెడ్మాస్టరును బతిమాలితే, "ఆయుధపూజకు తీస్తాండాం గదా, ఆ పొద్దు కొట్టుకోనీలే," అన్నాడు.

సెలవులిచ్చే రోజే మా బడిలో ఆ పూజ. పిల్ల తలంటుకుని, ఉతికిన పావడా కట్టుకుని ముందు వరుసలో నిలబడింది. పసుపు, కుంకుమ, బంతిపూలతో ఆగి ఉంటే బాగుండేది. కొత్త లారీకి కొట్టినట్టు టెంకాయ కొట్టి, ఆ నీళ్లు కీబోర్డు మీద చిలకరించాడు మహానుభావుడు! "వద్దు సార్, ఆపండి!" అని నేను అరుస్తూనే ఉన్నాను. వినకుండా స్విచ్చి వేశాడు. చిటపటమని కాలిన వాసన వచ్చింది. తెర నల్లగానే ఉండిపోయింది.

ఆయన మొహం మాడిపోయింది. గిరుక్కున పిల్లల వైపు తిరిగాడు.

"ఎవుర్రా దీన్ని ముట్టుకునింది?"

ముందు వరుసలోంచి ఆ పిల్లే అంది:

"ముట్టుకోనిచ్చింటే గదా సార్."

ఆయన చెయ్యెత్తాడు. నేను అడ్డం వెళ్లి, "ముందు నన్ను కొట్టండి," అన్నాను. చెయ్యి దించాడు.

సెలవుల తర్వాత ఆ పిల్ల రాలేదు. ఆయన మాత్రం ఆ చచ్చిన పెట్టెకు మళ్లీ మఖ్మల్ ముసుగు కప్పి, గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకే కట్టుకున్నాడు.