ఖాదర్ వినని ఈల

అబ్దుల్ ఖాదర్ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. అతని చెవులు పోతున్నాయి.

పూర్తిగా కాదు. మనుషుల మాటలు వినపడతాయి, బస్సు హారను వినపడుతుంది, వంటింట్లోంచి భార్య సైదాబీ వేసే కేక వినపడుతుంది. పోయినవి పై శ్రుతిలో ఉండే సన్నటి శబ్దాలు. కిందటేడు వానల్లో కీచురాళ్లు తెనాలికి రాలేదనే అనుకున్నాడు ముందు. తర్వాత ఒకరోజు కొట్టు ముందు సైకిలు ఆగడం చూశాడు, బెల్లు మీద వేలు ఆడటం చూశాడు, శబ్దం మాత్రం రాలేదు. ఎండలో ఒక చెట్టు నీడ లేకుండా నిలబడి ఉన్నట్టు అనిపించింది.

ముప్పై ఏళ్లు అతను మైకు సెట్లు కట్టాడు. రేపల్లె దాకా పెళ్లిళ్లకీ, ఉరుసులకీ, ఎన్నికలకీ హారన్ల కిందే కూర్చున్నాడు, వాటి కిందే కునుకు తీశాడు. చెడిపోయిన ఆంప్లిఫయరు తెస్తే మూత తీయకుండా, ఒకసారి విని, లోపల ఏ భాగం పోయిందో చెప్పేవాడు. మీటరు ఉంది గానీ దాన్ని తీయడం నామోషీ. ఖాదర్ చెవి అని ఊళ్లో ఒక పేరు. ఆ పేరు మీదే కొట్టు నడుస్తోంది. చెవి లేదని ఒప్పుకుంటే షట్టరు దించుకున్నట్టే.

2008 వేసవిలో బాపట్ల నుంచి దేవకుమారి కబురు పెట్టింది. సంగీత పాఠశాలలో వయొలిన్ చెప్పి రిటైరైన మనిషి, అతనికి పాత పరిచయం. ఆమె దగ్గర మూడువందల పన్నెండు క్యాసెట్లు ఉన్నాయి. వాటిలో చాలావరకు చనిపోయిన తన గురువు ఇంట్లో, పొద్దున పాఠం వేళ, ఆమె స్వయంగా రికార్డు చేసుకున్నవి. ఇప్పుడు ఆమెకు చూపు మందగించింది. క్యాసెట్ల మీద తన అక్షరాలే తనకు పొగలా కనపడుతున్నాయి.

వడ్లమూడి కాలేజీలో పనిచేసే ఆమె మేనల్లుడు శశిధర్ ఒక దారి వెతికాడు. పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, స్ట్రీమరు అనే చిన్న పెట్టె కొని, హాల్లో పెట్టుకోవచ్చు. లోపలి గదిలో కంప్యూటర్లో ఉన్న పాట ఇంటి నెట్‌వర్కు మీదుగా పెట్టెలోకి వస్తుంది. అక్కణ్ణుంచి అంకెల రూపంలోనే ఆంప్లిఫయరులోకి వెళ్లి అక్కడ శబ్దమవుతుంది. రెండు పెట్టెల వివరాలు కాగితాల మీద అచ్చు తీసి తెచ్చాడు.

"దీనికి సాకెట్లు ఎక్కువండి, స్క్రీను చిన్నది. రెండోదానికి డిజిటల్ ఔట్‌లు రెండే, ఒకటి వెలుగుతో, ఒకటి వైరుతో. స్క్రీను మాత్రం పెద్దది," అన్నాడు శశిధర్.

"అక్షరాలు ఏ మాత్రం ఉంటాయిరా?" అని అడిగింది దేవకుమారి.

"నీ బొటనవేలంత, అత్తయ్యా."

"అయితే అదే. సాకెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటానా నేను?"

ఖాదర్ నవ్వాడు. క్యాసెట్లు గోనెసంచుల్లో తెనాలికి వచ్చాయి. మూడు నెలలు కొట్లోనే, కంప్యూటరు పక్కన టేపురికార్డరు పెట్టి, ఒక్కొక్కటే ఎక్కించాడు. హెడ్‌ఫోన్ లోపల చీకటిగా, మెత్తగా ఉండేది. వయొలిన్ ఆ చీకట్లో దూరంగా వెళ్లే పడవలా ఉండేది. ఎంత బాగుందో అనుకున్నాడు.

పని ముగిశాక సంచులు తిరిగి ఇచ్చేటప్పుడు, "ఇవిక బూజు పట్టడానికి తప్ప ఎందుకండి," అన్నాడు. దేవకుమారి వాటిని రేపల్లెలో పిల్లలకు వయొలిన్ నేర్పే తన శిష్యురాలు ప్రమీలకు ఇచ్చేసింది.

స్ట్రీమరు వచ్చింది. దేవకుమారి కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టారు. ఆంప్లిఫయరు అవతలి గోడకు, ముప్పై అడుగుల దూరంలో. వెలుగులో పాట వెళ్తుందంటే ఖాదర్‌కు నమ్మకం కుదరలేదు. రాగితీగ తెలిసిన వస్తువు. మైకు సెట్టు వైరు చుట్టలోంచి కొలిచి కోసి, రెండు చివరలా తనే పిన్నులు అతికి, గోడ వారగా మేకులు కొట్టాడు. మైకులవాడు కొన్న వైరు వాడడు, తన వైరు తనే కట్టుకుంటాడు.

వారానికి ఫోనొచ్చింది.

"పాట మధ్యలో టిక్కు టిక్కుమంటోంది ఖాదర్. ఒక్కోసారి రెప్పపాటు ఆగిపోతోంది."

పాసింజరు ఎక్కి బాపట్ల వెళ్లాడు. కూర్చుని విన్నాడు. ఆగడం తెలిసింది. టిక్కులు తెలియలేదు.

"ఇదిగో," అంది ఆమె. "ఇదిగో, మళ్లీ."

"అవునండి," అన్నాడు ఖాదర్. ఆమె మొహం చూసి, కనుబొమ్మ కదిలినప్పుడల్లా తలాడించాడు. ముందు కరెంటును తిట్టాడు. తర్వాత స్టెబిలైజరు పెట్టాడు. ఫ్రిజ్ ఆపించాడు. కంప్యూటరు నుంచి వచ్చే తీగ మార్చాడు. టిక్కులు పోలేదు. చివరికి శశిధర్ అచ్చు తీసిన కాగితాలు ముందేసుకుని ఒక్కో వాక్యం చదివించుకున్నాడు. డిజిటల్ వైరు డెబ్బై అయిదు ఓములది ఉండాలని ఒకచోట ఉంది. మైకు వైరుకు ఆ లెక్క లేదు. అది మనిషి గొంతు మోయగలదు గానీ అంత వేగంగా పరిగెత్తే అంకెలను ఆ దూరం మోయలేదు. డెబ్బై అయిదు ఓములది ఎక్కడ దొరుకుతుంది? కిటికీలోంచి చూస్తే ఎదురింటి డాబా మీద వేలాడుతోంది, కేబుల్ టీవీ వైరు.

సాయంత్రానికి ముప్పై అయిదు అడుగుల ముక్క తెచ్చి పిన్నులు అతికాడు. పాట పెట్టాడు. గంటసేపు ఆమె కనుబొమ్మ కదల్లేదు.

"ఖాదర్ అంటే ఖాదరే," అన్నాడు శశిధర్.

దేవకుమారి మాత్రం తల ఒక పక్కకు వంచింది. "టిక్కులు పోయాయి. ఇంకోటేదో ఉంది. టిక్కుల గోలలో ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. సన్నంగా, సూదిమొనలాగా. వినపడుతోందా?"

హాల్లో వయొలిన్ తప్ప అతనికేమీ లేదు. నోరు తెరిచాడు. లేదండి అనడానికే తెరిచాడు.

"అది డిజిటల్ గుణమండి. క్యాసెట్టుకి గరగర ఎట్టాగో దీనికి అదట్టాగ."

"అంతేనంటావా," అంది ఆమె. ముప్పై ఏళ్లలో ఆమె అతని చెవిని అనుమానించిన రోజు లేదు.

పదిహేను రోజులకు శశిధర్ ఫోను చేశాడు. "అత్తయ్య వినటం మానేసిందండి. తలనొప్పి వస్తోందంటోంది. పెట్టె మీద గుడ్డ కప్పేసింది."

ఆ మధ్యాహ్నం ఖాదర్ కొట్లోని కంప్యూటర్లో ఒక పాట పెట్టి, అన్నం క్యారేజీ తెచ్చిన సైదాబీ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించాడు.

"ఏంటిది, చెవిలో దోమ దూరినట్టుంది?" అంది ఆమె.

టేపురికార్డరు తీగ పీకేశాడు. ఏమీ లేని నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసి మళ్లీ తగిలించాడు.

"దోమ ఉందిగా ఇంకా. వంకరలు తిరుగుతా ఉంది." అప్పుడామె హెడ్‌ఫోన్ తీసి అతని వంక చూసింది. "నీకు వినపడటంలా?"

అతను క్యారేజీ మూత తీశాడు. తినలేదు.

అయితే అది క్యాసెట్లలోది కాదు. ఎర్తు లేని కొట్లో, కంప్యూటరు లోపలి డిస్కు తిరిగే ఈల తీగల్లోంచి మూడువందల పన్నెండు క్యాసెట్ల పాటల్లోకీ ఎక్కింది. క్యాసెట్ల కోసం మర్నాడే రేపల్లె రైలెక్కాడు. కాలవల మీద ఎండ మెరుస్తోంది. ఆ మెరుపుకూ ఏదో చప్పుడుంటుందని, అది తనకు అందటంలేదని అనిపించింది.

ప్రమీల వరండాలో పిల్లలు వయొలిన్లు శ్రుతి చేసుకుంటున్నారు. అతను చెప్పింది విని ఆమె చేతులు నలుపుకుంది.

"టీచరుగారు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయన్నారు కదండి. అందుకని పిల్లల పాఠాలు వాటిమీదే రికార్డు చేసి ఇస్తున్నాను."

ఎవరూ చెరపకుండా దేవకుమారి ఆనాడే ప్రతి క్యాసెట్టు వెనక పెంకు విరగ్గొట్టుకుంది. మళ్లీ రికార్డయ్యేలా ఆ సందుల మీద ప్రమీల గాయానికి వేసే ప్లాస్టరు ముక్కలు అంటించింది. కొన్ని పిల్లల ఇళ్లలో పోయాయట. ఖాదర్ నేల మీద కూర్చుని ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ప్లాస్టరు లేనివి పంతొమ్మిది.

వాటిని సంచిలో వేసుకుని సాయంత్రానికి బాపట్ల చేరాడు. జరిగింది నిలబడే చెప్పాడు. కంప్యూటర్లో ఈల తీసేయొచ్చేమోనని శశిధర్ రెండు పాటలు ప్రయత్నించి చూశాడు. ఈలతో పాటు తీగ మీది ప్రాణమూ పోతోంది.

దేవకుమారి అడిగింది. "ఆ రోజు నీకది వినపడిందా?"

"లేదండి."

"మరి డిజిటల్ గుణమన్నావు."

"చెవి లేదని చెప్పలేక అన్నానండి."

"నాకు కళ్లు పోతున్నాయని ఊరంతా చెప్పుకున్నాను, ఖాదర్. నాకేం తగ్గింది? నువ్వా ఒక్క మాట అనుంటే రోజూ తెనాలి వచ్చి నీ పక్కన కూర్చుని వినేదాన్ని గదా."

అతను సంచి మూతి విప్పి క్యాసెట్లు బల్ల మీద పేర్చాడు.

పంతొమ్మిది క్యాసెట్లూ ఆమె ఇంట్లోనే, ఎర్తు కొత్తగా దింపించి, మళ్లీ ఎక్కించారు. ఆమె వింటూ వేలెత్తేది. అతను ఆ వేలు చూసి బటన్లు తిప్పేవాడు. పని మాటలే తప్ప వేరే మాట లేదు. పూర్వం వెళ్లగానే టీ వచ్చేది. ఆ వారం రోజులూ మంచినీళ్లు వచ్చాయి. ఆఖరి క్యాసెట్టులో, పాఠం ఆపి గురువుగారు దగ్గారు. ఆమె వేలు ఎత్తలేదు. కళ్లు తుడుచుకుంది. ఖాదర్ బటన్ల మీదకు చూపు దించుకున్నాడు.

మరుసటి నెల రేపల్లె నుంచి అయాజ్ వచ్చాడు. ఏటా ఉరుసుకు సెట్టు మాట్లాడుకెళ్లేది అతనే.

"సెట్టు పంపిస్తాను. సౌండు దగ్గర ఇంకెవరినన్నా కూర్చోబెట్టుకో," అన్నాడు ఖాదర్.

"అదేంటి భాయ్, నువ్వు రావా? పెద్దోడివయ్యావని బెట్టా?"

"నాకు వినపడదు."

అయాజ్ నవ్వాడు. ఖాదర్ నవ్వకపోయేసరికి, అతనూ ఆపి, ఈసారి గొంతు బాగా పెంచి, నిదానంగా, పిల్లలకు చెప్పినట్టు ఉరుసు తారీఖు చెప్పాడు.