మేస్త్రిగారి పై అంతస్తు

ఆయన ఇటుక ముట్టుకున్న మనిషి కాదు, కంప్యూటర్ చిప్పులు గీస్తాడు. ఇప్పటి చిప్పు ఒంటి పలక కాదు, అంతస్తు మీద అంతస్తు. పైనుంచి కిందికి సన్నటి నిలువు తీగలు దిగుతాయి. అందుకే ఆఫీసులో అందరికీ ఆయన మేస్త్రి. కింది అంతస్తు ఆయనది, పైది వాళ్ళావిడది. పక్కపక్క కుర్చీలు. నాకు పని నేర్పింది ఆవిడే, అక్కా అని పిలిచేదాన్ని.

ఏ తీగైనా తెగితే పనికొస్తుందని అక్క ఒక మూల అదనంగా ఇంకో తీగ దింపేది. సరిగ్గా దాని కింద, దాన్ని అందుకునేలా ఈయన తన తీగ కొస పెట్టేవాడు. ఇంట్లో పోట్లాట అయిన రోజు మాత్రం ఆ మూల ఖాళీ. "మేస్త్రిగారికి ఇవాళ పస్తే" అని మేమంతా నవ్వుకునేవాళ్ళం. ఆయన మూతి ముడుచుకు కూర్చోవడమే తప్ప ముందు పలకరించిన పాపాన పోలేదు. మొండిఘటం. మర్నాటికి అక్కే సర్దుకుని తీగ వేసేది.

జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిన అక్క ప్రాణాలతో తిరిగి రాలేదు. ఆమె కుర్చీలోకి మనిషిని తీసుకోలేదు. పై అంతస్తు తనంతట తనే గీసే సాఫ్ట్‌వేర్ తెచ్చి, అక్క గీసిన పాత డిజైన్లన్నీ చూపించి దానికి పని నేర్పారు. మొదటి రోజే అది ఆ మూల ఒక అదనపు తీగ దింపింది. అచ్చం అక్క దింపినట్టే. మేస్త్రి దాని కింద తన కొస పెట్టాడు. అప్పట్నుంచి అందరికంటే ముందొచ్చి స్క్రీన్‌తో ఏదో గొణిగేవాడు. భోజనం కూడా దాని ముందే.

ఒకరోజు మేనేజరు వచ్చి, "పాతవన్నీ తుడిచేసి దీనికి కొత్తగా నేర్పిద్దామండీ. ఆ వృథా తీగ దేనికి?" అన్నాడు.

నలుగురూ చూస్తున్నారని కాబోలు, "తుడిచేయండి, నాకేం?" అనేశాడు మేస్త్రి. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు ఉదయం తుడిచేయాలని ఖాయమైంది.

ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే పై అంతస్తు గీయించాం. మూల ఖాళీ. అప్పటికింకా ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ ముట్టుకోలేదు. మళ్ళీ గీయించాను. మళ్ళీ ఖాళీ.

"వినేసిందమ్మా" అన్నాడు మేస్త్రి. మొహంలో నెత్తురు చుక్క లేదు.

వెళ్ళి మేనేజరును బతిమాలాడు. "పైవాళ్ళకి చెప్పేశానండీ, ఇక నా చేతుల్లో లేదు" అన్నాడతను.

తిరిగొచ్చి కూర్చుని, జీవితంలో మొదటిసారి తనే ముందు కొస పెట్టాడు. "తప్పయిపోయిందే" అన్నాడు స్క్రీన్‌తో. నేను మళ్ళీ గీయించడానికి మీట నొక్కాను. తీగ దిగింది. కానీ ఆయన కొసకు తగలకుండా, ఒక్క గడి పక్కన.

ఆయన కళ్ళు తుడుచుకుని నవ్వాడు.

"చూశావా బెట్టు! ఎంత కోపమైనా దానికి ఒక్క రోజే. రేపు పొద్దున్నకల్లా అదే సర్దుకుంటుంది" అన్నాడు.

అనేశాక ఆ మాట ఆయనకే వినబడినట్టుంది. నవ్వు అలాగే ఆగిపోయింది.