మిరప కల్లంలో మా కుక్కల షో

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ పీట ఇటు లాక్కోండి, ఫ్యాను గాలి ఇక్కడే బాగా తగులుతుంది. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాను. అయిదో తరగతితో బడి మానేసి మిరపకాయలకి తొడిమలు తీసే పనికి పోయినదాన్ని. చూసింది మాత్రం మరిచిపోను. అదే నాకు వచ్చిన చిక్కు. మరిచిపోయే బుర్రే ఉంటే ఈ కుక్కల క్లబ్బు సంగతి ఎప్పుడో వదిలేసి హాయిగా నిద్రపోయేదాన్ని.

నవ్వొస్తోందా? నవ్వండి. పొద్దున లేస్తే మిరపా పత్తీ తప్ప ఇంకో మాట వినపడని మా వైపు, కుక్కలకి క్లబ్బేమిటని అప్పట్లో అందరూ నవ్వారు. చిలకలూరిపేటకీ అద్దంకికీ మధ్య మా ఊరు. మా ఆయన లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగు చూసేవారు. ఊళ్ళోకి అప్పుడప్పుడే కేబుల్ టీవీలు వస్తున్న రోజులు. మిరప పంట కలిసొచ్చిన ప్రతి ఇంటి గేటుకీ ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అని బోర్డు. ఒకరింట్లో డాబర్‌మన్, ఒకరింట్లో పామరేనియన్. మా ఇంట్లో ఒక ఆల్సేషన్ ఆడకుక్క ఉండేది. మద్రాసు వెళ్ళొచ్చిన లారీ డ్రైవరు సంచిలో పెట్టి తెచ్చిచ్చిన పిల్ల. దాని నడక చూసి పశువుల డాక్టరు గారే అన్నారు, దీన్ని షోకి తీసుకెళ్ళండి అని.

షో అంటే హైదరాబాదు. బస్సు దగ్గరికి తీసుకెళ్తే కండక్టరు మెట్టు మీద అడ్డంగా నిలబడ్డాడు.

“మనుషులకే నిలబడ చోటు లేదు. దీన్నెక్కడ కూర్చోబెడతావమ్మా, నా సీట్లోనా?”

“నా ఒళ్ళో కూర్చుంటుంది బాబూ.”

“అది నీ ఒళ్ళో కూర్చుందో, నువ్వే దాని ఒళ్ళో కూర్చున్నావో జనానికి తెలియొద్దూ? దిగు, దిగు.”

చివరికి పత్తి బేళ్ళ లారీ క్యాబిన్‌లో బయలుదేరాం. దారిలో టైరు పగిలింది. మేం చేరేసరికి అక్కడ కుర్చీలు మడుస్తున్నారు. స్నానం చేయించి, దువ్వి, అంత దూరం మోసుకెళ్ళిన మా కుక్క, పీకేసిన పందిరి గుంజని ఒకసారి వాసన చూసి వచ్చేసింది. తిరుగు దారంతా నేను ఒక్కటే మాట అనుకున్నాను. మన కుక్కలు అక్కడికి పోవడం కాదు, ఆ షోనే మన దగ్గరికి రావాలి.

అలా మొదలైంది క్లబ్బు, మా వరండాలో. అధ్యక్షుడు ఊళ్ళో పెద్ద మిరపకాయల వ్యాపారి. ప్రెసిడెంటు గారని పిలిచేవాళ్ళం. ఆయనకీ ఒక ఆల్సేషన్ ఉంది, మగది. మా ఆయన సెక్రటరీ. అంటే పేరు ఆయనది, పని నాది. మిగతా వచ్చినవాళ్ళందరూ ఉపాధ్యక్షులే. ఉత్త సభ్యుడిగా ఉంటానన్న మనిషి ఒక్కడు దొరకలేదు. మీటింగు అంటే చాలు, పకోడీలు తినడానికి వరండా పట్టేది కాదు. గుంజలు పాతడానికి రమ్మంటే ఒకరి బావమరిదికి పెళ్ళి, ఒకరికి నడుం నొప్పి.

కుక్కల షోలకి గుర్తింపు ఇచ్చే పెద్ద సంఘం మద్రాసులో ఉండేది. వాళ్ళ పద్ధతి ఏమిటంటే, కొత్త క్లబ్బు ముందు వాళ్ళ జడ్జి ఎదుట ఒక షో సక్రమంగా జరిపించి చూపించాలి. ఆయన బాగుందంటే గుర్తింపు వస్తుంది. అప్పుడు మన ఊళ్ళో గెలిచిన కుక్క ఎక్కడైనా గెలిచినట్టే. లేదంటే మనది ఊరి తిరనాళ్ళ కింద లెక్క. ఆ ఒక్క షో కోసం ఎంత తిరిగామో! ఉత్తరాలు రాయించి, ఎస్టీడీ బూత్‌లో నిలబడి, మద్రాసువాళ్ళని బతిమాలి, చివరికి సంక్రాంతి దాటాక ఒక ఆదివారం జడ్జి గారు వస్తానన్నారు.

ఎక్కడ పెట్టాలి? హైస్కూలు గ్రౌండులో పెడదామన్నాను నేను, చింతచెట్ల నీడ ఉంటుందని. ప్రెసిడెంటు గారు ఒప్పుకోలేదు.

“మన కల్లం ఉండగా స్కూలుకెందుకు చెల్లెమ్మా? సిమెంటు చేసిన నేల. చుట్టూ గోడ, గేటు, బోరు. సినిమా హాలంత ఉంటుంది.”

ఆయన చెప్పింది నిజమే. మిరపకాయలు ఎండబోసే ఆయన కల్లం అది. నేను చిన్నప్పుడు తొడిమలు తీసిందీ అక్కడే. నీడ లేదన్నాను గానీ, ఇంకేదో ఉందని నాకూ తోచలేదు. ఊళ్ళో ఒక్కరికీ తోచలేదు. ముందు రోజు బస్తాలన్నీ షెడ్డులోకి చేర్చి, చీపుళ్ళతో ఊడ్చి, బోరు పెట్టి కడిగితే నేల అద్దంలా కనిపించింది. నేను ఇంటికొచ్చి జడ్జి గారి కోసం వంటలో కారం ఎక్కడా తగలకుండా పప్పు, పెరుగు పచ్చడి చేసే ఆలోచనలో పడ్డాను. ఆయన విస్తట్లో కారం పడకుండా చూసుకోవడంలోనే ఉంది నా తెలివంతా.

ఆదివారం పొద్దున్నే జనం రావడం మొదలైంది. ఒంగోలు నుంచి, గుంటూరు నుంచి కార్లలో వచ్చారు. దర్శి నుంచి ఒకాయన బైకు ట్యాంకు మీద పామరేనియన్ని కూర్చోబెట్టుకుని వచ్చాడు, దాని నుదుటన కుంకుమ బొట్టు. జడ్జి గారు సన్నగా, తెల్ల ప్యాంటూ చొక్కాలో ఉన్నారు. తెలుగు బాగానే వచ్చు.

“ఎనిమిదికి మొదలుపెట్టేద్దామమ్మా. ఎండ ముదిరితే కుక్కలు నిలబడవు.”

అప్పటికి నేల మీద తేమ ఇంకా ఆరలేదు. అప్పుడే మొదలుపెట్టి ఉంటే! ఇన్నేళ్ళైనా ఆ మాట నన్ను వదలదు. కానీ ప్రెసిడెంటు గారు చేతులడ్డం పెట్టారు.

“పెద్దాయన వచ్చి జ్యోతి వెలిగించందే ఎట్లా మొదలుపెడతామండీ?”

పెద్దాయనంటే మా వైపు రాజకీయ నాయకుడు. జీవితంలో ఆయన కుక్కని పెంచింది లేదు.

“అన్నయ్యా, ముందు కుక్కల్ని తిప్పించేద్దాం. ఆయన వచ్చినప్పుడు జ్యోతి వెలిగిస్తారు,” అన్నాను.

“సగం అయిపోయాక జ్యోతి వెలిగిస్తారా? నన్ను ఊళ్ళో తిరగనిస్తారా చెల్లెమ్మా?”

మా ఆయన వైపు చూశాను. ఆయన షామియానా గుడ్డ వైపు చూశారు.

ఎనిమిది తొమ్మిదైంది. తొమ్మిది పదైంది. పెద్దాయన దారిలో ఎవరింటికో టిఫినుకి ఆగారని కబురొచ్చింది. కుక్కలు నాలుకలు వేలాడేశాయి. జడ్జి గారు గడియారం చూసుకోవడం కూడా మానేశారు. ఎట్టకేలకు పెద్దాయన దిగారు. జ్యోతి, శాలువాలు, దండలు. ఆ తర్వాత మైకు. మిరప ధర గురించి మాట్లాడారు, కాలవ నీళ్ళ గురించి మాట్లాడారు. కుక్కల గురించి మాత్రం “విశ్వాసం గల జంతువు” అని ఒక్క ముక్క అన్నారు. అప్పుడే ఒక డాబర్‌మన్ మోర పైకెత్తి ఊళ వేసింది. ఆ పూట మా అందరి మనసులో మాట అన్నది అదొక్కటే.

తాళ్ళు కట్టి చేసిన రింగులో కుక్కల్ని తిప్పడం మొదలుపెట్టేసరికి నేల కాలుతోంది. కడిగిన తడంతా ఆరిపోయింది. సిమెంటు పగుళ్ళలో ఎన్నో ఏళ్ళుగా కూరుకుపోయిన మిరప పొడి, గింజల నలుసు, కుక్కల కాళ్ళ కింద మెల్లగా లేవడం మొదలైంది.

ముందు తుమ్మింది ఒంగోలు నుంచి ఒక బ్యాంకు మేడం తెచ్చిన లాబ్రడార్. ఒక తుమ్ము కాదు, ఆగకుండా తుమ్ములే. ముక్కు నేలకేసి రాసుకుంది. రాసుకునేకొద్దీ మంట ఎక్కువైంది పాపం. దర్శి పామరేనియన్ కూర్చుని ముందు కాళ్ళతో కళ్ళు తుడుచుకోసాగింది. జడ్జి గారు ఒక కుక్క నోరు తెరిచి పళ్ళు చూసి, అదే చేత్తో తన కన్ను నలుపుకున్నారు. అంతే, రెండు కళ్ళూ ఎర్రగా అయిపోయి ధారలు కట్టాయి.

గోడెక్కి చూస్తున్న ఆడవాళ్ళలో ఒకామె అంది, “అయ్యో, ఎంత మంచి మనసో చూడవే, కుక్కల్ని చూసి ఎట్లా ఏడుస్తున్నాడో!”

మేడం మా ఆయన మీదికి వచ్చింది. “ఏంటండీ ఈ ఘాటు? ఇక్కడ షో ఎలా పెట్టారు?”

“ఘాటా? ఎక్కడండీ?” అన్నారు మా ఆయన. నాటకం కాదండీ, నిజంగానే అడిగారు. నేనూ గట్టిగా గాలి పీల్చి చూశాను. నాకూ ఏ వాసనా రాలేదు. పుట్టినప్పటి నుంచీ పీల్చే గాలే కదా. మా ఊరి కుక్కలూ అంతే, హాయిగా తోకలూపుకుంటూ నిలబడ్డాయి. ప్రెసిడెంటు గారి ఆల్సేషన్ అయితే మిరప బస్తాల మీద పడుకుని పెరిగింది. బొమ్మలా నిలబడింది.

నేను స్టేజీ దగ్గరికి పరిగెత్తాను. “అన్నయ్యా, కాసేపు ఆపి స్కూలు గ్రౌండుకి మారిపోదాం. రింగు తాళ్ళు నేను మోసుకొస్తాను.”

“రెండు తుమ్ములకి షామియానా పీకమంటావా? పట్నం కుక్కలు, సుకుమారం. మనవి చూడు, పులుల్లా ఉన్నాయి!”

ఆయన ముఖంలో ఒకటే ఆనందం. ఆ రోజు ఏం పోగొట్టుకుంటున్నామో ఆయనకి పట్టలేదు. గెలిచిన కుక్కకిచ్చే కప్పు మీదే కళ్ళు.

తుమ్మే కుక్క నిలబడదు, నిలబడని కుక్కకి మార్కులు రావు. చివరికి పెద్ద కప్పు ప్రెసిడెంటు గారి ఆల్సేషన్‌కి వచ్చింది. టపాసులు కాల్చారు. మిగిలిన కుక్కలు గొలుసులు తెంపుకోబోయాయి. మేడం వెళ్తూ వెళ్తూ అందరూ వినేలా అంది, “బయటివాళ్ళ కుక్కల ముక్కులు పోగొట్టి గెలవడానికేగా ఇక్కడ పెట్టింది. బాగా ప్లాన్ చేశారు.” గుంటూరువాళ్ళు తలలూపారు. అంత పెద్ద మోసం చేసేంత ముందుచూపే మావాళ్ళకి ఉంటే, క్లబ్బు ఎప్పుడో బాగుపడేది.

జడ్జి గారు మా ఇంట్లో చల్లటి పాలలో ముంచిన దూది కళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. నేను చేసిన కారం లేని పప్పు ముట్టుకోలేదు.

“మీరు కావాలని చేయలేదని నాకు తెలుసమ్మా,” అన్నారు. “కానీ నేను అక్కడికి వెళ్ళి ఏం చెప్పను? కుక్క ముక్కు పని చేయని చోట షో జరిగిందని చెప్పాలి.”

“ఇంకొక్క అవకాశం ఇప్పించండి బాబుగారూ.”

ఆయన దూది తీసి, ఎర్రటి కళ్ళతో నా వైపు చూశారు. “ఒక్క దారి ఉంది. నేల సంగతి చూసుకోకుండా పొరపాటు చేశాం, ఇవాళ్టి ఫలితాలన్నీ రద్దు చేస్తున్నాం అని మీ క్లబ్బే చెప్పాలి. కప్పులు వెనక్కి తీసుకోవాలి. అలా చేస్తే, వచ్చే చలికాలం మళ్ళీ నేనే వస్తాను.”

ఎంత చిన్న పని! ఒక్క కప్పు. దానికి క్లబ్బు మొత్తం నిలబడుతుంది.

మర్నాడు పొద్దున్నే మా ఆయన్ని వెంటబెట్టుకుని ప్రెసిడెంటు గారింటికి వెళ్ళాను. హాల్లో టీవీ మీద కప్పుంది. పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండ వేశారు. ఆయన భార్య నాకు కాఫీ ఇస్తూ మురిసిపోయింది, “మా కుక్కకి నిన్న దిష్టి తీశానే.” నేను విషయం చెప్పాను.

“ఏంటీ, వెనక్కివ్వాలా?” ఆయన కుర్చీలోంచి లేచారు. “పేటలో మా వియ్యంకుడికి ఫోన్ చేసి చెప్పా. ఇప్పుడు ఉత్తుత్తిదే అని చెప్పమంటావా?”

“కప్పు కాదన్నయ్యా, క్లబ్బు చూడండి. గుర్తింపు వస్తే మీ కుక్క నిజంగానే గెలుస్తుంది.”

“మరి ఇప్పుడు అబద్ధంగా గెలిచిందా? ఏరా, నువ్వన్నా చెప్పు మీ ఆవిడకి!”

మా ఆయన కాఫీ గ్లాసులోకి చూస్తూ, “అదే… ఆలోచిద్దాం లేండి,” అన్నారు. ఆ ఆలోచన ఇంకా నడుస్తూనే ఉంది.

నేను వదల్లేదు. ఉపాధ్యక్షులు ఒక్కొక్కరి గడపా ఎక్కాను. “నిజమేనమ్మా, నువ్వన్నదే న్యాయం” అన్నారందరూ. ప్రెసిడెంటు గారి ముందు నోరు తెరిచింది లేదు. వాళ్ళ కాయలు కొనేది ఆయనే మరి. మద్రాసు నుంచి ఫోను వచ్చిన రోజు బూత్‌లో నేనే ఉన్నాను. గుర్తింపు లేదన్నారు. అద్దాల తలుపు తీసుకుని బయటికి వస్తే, రోడ్డు మీద పత్తి లారీ పోతోంది. మళ్ళీ అదే లారీ ఎక్కాలి కాబోలు అనుకున్నాను. ఎక్కలేదు. మా కుక్కకి ఆ వయసు దాటిపోయింది. గుర్తింపున్న ఒక్క రింగులో కూడా నిలబడకుండానే, మా వరండాలోనే ముసలిదైపోయింది. మీటింగులకి వచ్చి పకోడీలు తిన్నవాళ్ళ చెప్పులకి కాపలా కాసింది, అంతే.

కొన్నేళ్ళకి ప్రెసిడెంటు గారు ఆ గెలిచిన ఆల్సేషన్ని కారెక్కించి విజయవాడ షోకి తీసుకెళ్ళారు. మా ఆయన కూడా వెళ్ళారు, వచ్చి చెప్పారు. అక్కడ పచ్చగడ్డి గ్రౌండట. రింగులోకి దిగగానే అది తల వంచేసిందట. నిలబడదు, పరిగెత్తదు. ముక్కు గడ్డికి ఆనించి, అటూ ఇటూ వాసన చూస్తూ, ప్రెసిడెంటు గారిని వెనక ఈడ్చుకుంటూ తిరుగుతూనే ఉందట. లోకంలో వాసనలుంటాయని దానికి అప్పుడే తెలిసినట్టుంది. జడ్జి పక్కకి నిలబెట్టేశాడు.

“ఏమైందన్నయ్యా?” అని అడిగాను తిరిగొచ్చాక.

“ఏముంది చెల్లెమ్మా, అక్కడ గ్రౌండు బాగాలేదు,” అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియక లోపలికి వచ్చేశాను. నేను అల్లి పెట్టిన రింగు తాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. వాటి మీదే బట్టలారేస్తున్నాను. వచ్చేటప్పుడు దొడ్లో చూసే ఉంటారు.

సరే, పొద్దుపోయింది, ఇక మీరు బయలుదేరండి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద కూడూ, మీ గడపలో కుక్కా ఎప్పుడూ ఉండాలి. మీ ఇంట ఎవరైనా మంచి మాట చెబితే, అది వినేవాళ్ళు ఒక్కరైనా ఉండాలి. వెళ్ళి రండి నాయనా.