పన్నెండు సెంట్ల మందు

ఏలూరులో నాకు ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్మే షాపు ఉంది. పెట్టి పంతొమ్మిదేళ్ళయింది. నేను చదివింది పదో తరగతి వరకే. మిగతా లెక్కలన్నీ మీటరు చేతిలో పట్టుకుని షాపులోనే నేర్చుకున్నాను. కొత్త వస్తువు ఏది వచ్చినా ముందు దాన్ని కొలుస్తాను. అరవై నాలుగు జీబీ అని అమ్మిన పెన్ డ్రైవ్‌ని కంప్యూటర్లో పెడితే యాభై తొమ్మిది పాయింట్ ఆరు చూపిస్తుంది. పదివేల పవర్ బ్యాంకు అయిదువేల బ్యాటరీ ఉన్న ఫోన్ని రెండుసార్లు నింపాలి. ఏడుసార్లు పెట్టి చూశాను, ఎప్పుడూ ఒకటిన్నర దాటలేదు. ఇవి మోసాలు కావు. వాళ్ళు కొలిచింది ఒకటి, మనం అనుకున్నది ఇంకొకటి. ఆ తేడా ఎక్కడుందో డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. దాన్ని చదివేవాడు బజారు మొత్తానికి నేనొక్కడినేనని నా భార్య అంటుంది. అది మెచ్చుకోలు కాదు.

షాపులో రోజుకొకరితోనైనా ఈ మాటలు తప్పవు.

"నాలుగు ఫ్యాన్లు, అయిదు లైట్లు. కరెంటు పోతే మూడున్నర గంటలు వస్తుందండీ" అంటాను నేను.

"ఫోన్లో పది గంటలని ఉందండీ."

"ఎన్ని ఫ్యాన్లకండీ?"

"అది రాయలేదండీ. పది గంటలని మటుకు రాశాడు."

మనిషి చెబితే వంద ప్రశ్నలు వేస్తారు. తెర మీద కనిపిస్తే ఒక్కటీ వెయ్యరు. అందులోనూ పాయింట్ తర్వాత రెండంకెలుంటే ఇక తిరుగు లేదు. "చెరువు ఆరెకరాలు ఉంటుందండీ" అని ముసలాయన ఎవరైనా అంటే, సరిగ్గా ఆరేనా అని నిలదీస్తారు. ఫోను ఆరు పాయింట్ ఒకటి రెండు అని చూపిస్తే దండం పెట్టడం ఒక్కటే తక్కువ. దేన్ని కొలిచావని దాన్ని అడిగేవాడు లేడు.

ఇంత మాట్లాడుతున్న నేనే, మా బావగారి ఫోన్లో అలాంటి యాప్ పెట్టి ఇచ్చాను.

మా అక్కావాళ్ళది మండవల్లి. మా బావగారు చేపల చెరువు లీజుకు చేస్తారు. పోయిన ఏడాది ఆయన కొత్త ఫోను కొన్నప్పుడు, నేల కొలిచే యాప్ ఒకటి అందులో వేసి, "దీన్ని పట్టుకుని చెరువు చుట్టూ నడవండి, ఎన్ని ఎకరాలో అదే చెబుతుంది" అన్నాను. ఆయన నడిచారు. ఆరెకరాల పన్నెండు సెంట్లు వచ్చింది. లీజు కాగితంలో ఆరెకరాలని ఉంది. పన్నెండు సెంట్లు కలిసొచ్చాయని ఆయన నెల రోజులు ఊరంతా చెప్పుకున్నారు.

ఈ వేసవిలో ఒకరోజు పొద్దున్న పదింటికి అక్క ఫోన్ చేసింది. చేపలకి పేను పట్టిందట. పేనంటే చేప ఒంటికి అంటుకుని రక్తం పీల్చే పురుగు. పదకొండు నెలలు పెంచిన చేప, ఇరవై రోజుల్లో వల వేసి అమ్మే పట్టుబడి. పేను ఉన్న చేపని కొనేవాడు ముఖం తిప్పుకుంటాడు. అందుకని మందు తెచ్చారు.

"ఏరా, ఎకరానికో సీసా అంట. ఆరెకరాలకి ఆరు తెచ్చారు మీ బావ. ఆ పన్నెండు సెంట్లకి ఎంత పొయ్యాలో నిన్నడిగి చెప్పమన్నారు."

పన్నెండు సెంట్ల మందు! లెక్క ఎంత శ్రద్ధగా ఉందో చూడండి. నాకు ముచ్చటేసింది కూడా. అలవాటు కొద్దీ అడిగాను.

"సీసా మీద ఎన్ని అడుగుల నీటికని ఉందక్కా?"

"అయిదడుగులకని ఉంది."

"మీ చెరువులో ఎంతుంది?"

"కాలవలకి నీళ్ళు కట్టేశారు కదరా, మూడో నాలుగో ఉంటది."

"బావగారు ఆరోజు ఫోను పట్టుకుని ఎక్కడ నడిచారు? నీళ్ళ పక్కనా, గట్టు అవతలా?"

"నీళ్ళ పక్కన జారదేంటి? గట్టు అవతల బోదె కాలవ పక్కన నడిచారు. లీజు గట్టుతో కలిపే కదరా."

తేడా అక్కడుంది. మా వైపు చెరువు లీజు గట్టుతో కలిపే మాట్లాడుకుంటారు. లారీ తిరిగే గట్టు, దాని వాలు, మోటారు షెడ్డు, అన్నీ ఎకరాల్లోకే వస్తాయి. భూమి ఇచ్చినాయనకి అది న్యాయం. కానీ గట్టు మీద చేపలుండవు. ఫోను అబద్ధం చెప్పలేదు, నడిచిన చోటు కొలిచింది. ఆ మందు మోతాదుకి రెట్టింపు పడితే పేనుతో పాటు చేప కూడా పోతుంది.

"పొయ్యొద్దని చెప్పు. ఇప్పుడే."

"ఆయన సీసాలు పట్టుకుని చెరువుకి వెళ్ళిపోయారురా. ఫోను ఇంట్లోనే ఛార్జింగులో ఉంది."

దాని ఛార్జింగు గురించి కూడా నాకొక అభిప్రాయం ఉంది గానీ, అది చెప్పుకునే సమయం కాదు. అక్క చెరువు దగ్గరికి పరిగెత్తింది. షాపు నా భార్యకి అప్పగించి నేను బండి తీశాను.

అక్కడికి చేరేసరికి పన్నెండు దాటింది. బావగారు పడవని ఒడ్డుకు లాగి, గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు. పక్కన మూడు సీసాలు ఖాళీ, మూడు నిండు. అక్క గట్టు మీద నుంచి పైట ఊపితే భోజనానికి పిలుస్తోందనుకుని, ఆ మూడోది కలిపింది కూడా చల్లేసి వచ్చారట. తూర్పు సగం అయింది, పడమర సగం మిగిలింది.

"రావయ్యా రా" అన్నారు నన్ను చూసి. "సగం పనిలో ఆపించావు. నువ్వు బ్యాటరీల్లో నీళ్ళు పోసుకో, చేపల నీళ్ళు నాకొదిలెయ్."

"ఒక్క గంట ఆగండి బావగారూ. కొలుస్తాను."

"ఫోను కొలిచింది కదా. సెంట్లతో సహా."

నూరడుగుల టేపు తెచ్చుకున్నాను. ఒక కొస అక్క పట్టుకుంది. నీటి అంచు వెంబడి పొడవు అయిదువందల యాభై అడుగులు, వెడల్పు మూడువందల అరవై. లక్షా తొంభై ఎనిమిదివేల చదరపు అడుగులు. అంటే నాలుగెకరాల యాభై అయిదు సెంట్లకి కాస్త తక్కువ. తర్వాత వెదురు గడకి అడుగుకో గుడ్డపీలిక కట్టి, పడవలో తిరిగి తొమ్మిది చోట్ల ముంచాను. సగటున మూడున్నర అడుగులు. లెక్క ఫోన్లో ఒకసారి, సిగరెట్ పెట్టె అట్ట మీద ఒకసారి చేశాను. చెరువు మొత్తానికి కావాల్సింది మూడు సీసాలు, నాలుగోదాంట్లో అయిదోవంతు కూడా కాదు.

"నేను పోసింది మూడే కదా" అన్నారు బావగారు. "అయితే సరిపోయింది."

"సరిపోయిందండీ. కాకపోతే చెరువు మొత్తానికి పొయ్యాల్సింది సగం చెరువులో ఉంది."

ఆయన ఖాళీ సీసాలు మూడూ ఒకసారి తిప్పి చూశారు. తర్వాత నెమ్మదిగా, "చెరువు చుట్టూ నడవమంది ఎవరయ్యా?" అన్నారు.

నేనే. ఏ అంచున నడవాలో చెప్పలేదు. లోతు సంగతి అసలు నా తలలోకే రాలేదు. చదరాన్ని కొలిచే యాప్ ఇచ్చి, ఘనానికి వాడే మనిషిని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. తప్పు నాదేనని ఆయనతో అన్నాను కూడా. ఆయన వినలేదు, లేదా విననట్టు ఉన్నారు.

"ఇద్దరూ తర్వాత పోట్లాడుకోండి" అంది అక్క. "అదుగో, ఆ మూల చేపలు తలలెత్తుతున్నాయి."

తూర్పు మూల నీళ్ళ మీద గాలి కోసం తెరిచిన నోళ్ళు కనిపించాయి. కాలవ నీళ్ళు లేవు గనక కొత్త నీరు పెట్టే దారి లేదు. ఉన్న నీటినే కలపాలి. ఇంజను తెచ్చి తూర్పు పక్క నీళ్ళు తోడి, పైపు వేసి పడమర పక్కకి పోయించాం. దాని గొట్టం మీద గంటకి ఎన్ని లీటర్లో చెక్కి ఉంది. బక్కెట్టు పెట్టి గడియారం చూస్తే అందులో మూడింట రెండొంతులే వస్తున్నాయి. నా మొహం చూసి అక్క, "ఇప్పుడు దాంతో తగువు పెట్టుకోకురా" అంది. బావగారు పడవ వేసుకుని గడతో నీళ్ళు కలియబెడుతూ అటూ ఇటూ తిరిగారు. వేసవి ఎండ నెత్తి మీద. భోజనం అన్న మాట ఎవరూ ఎత్తలేదు.

నాలుగు దాటాక నోళ్ళు తగ్గాయి. అయిదున్నరకి ఒక్కటీ లేదు. ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున్న కలిపి నలభై ఒక్క చేపలు తేలాయి. బొచ్చెలు ఇరవై ఆరు, శీలావతులు పదిహేను. అక్క ఒక్కొక్కటే ఒడ్డున పెట్టి లెక్కపెట్టింది. మిగతా చెరువు నిలబడింది. నాలుగో రోజు వల వేసి చూస్తే పేను లేదట. అనుకున్న రోజుకే పట్టుబడి అయింది. నలభై ఒకటి కాక వేలు పోయుండేవని నేనూ అనలేదు, బావగారూ అనలేదు. ఆ యాప్ తీసెయ్యనా అని అడిగితే, "ఎందుకు? లీజుకి అది కరెక్టే కదా" అన్నారు. అదీ నిజమే.

ఇంతటితో అయిపోయుంటే నాకీ రాత పని ఉండేది కాదు.

రెండు వారాల తర్వాత మండవల్లి నుంచి ఒకాయన షాపుకొచ్చారు. ఇన్వర్టరుకి కాదు.

"మీ బావగారు చెప్పారండీ. ఫోన్లో వచ్చిందాంట్లో సగం పొయ్యాలంట గదా."

"సగమని ఎవరన్నారండీ?"

"మీరే కనిపెట్టారంట. మీ బావగారి చెరువుకి ఆరు చూపిస్తే మూడు పోశారు. మా వైపు ఇప్పుడందరూ అదే లెక్క."

"మీ చెరువులో నీళ్ళెంతండీ?"

"బోరుంది గదండీ, ఆరడుగులకి తక్కువ లేదు."

"గట్టు?"

"గట్టేం లేదండీ, సన్నంది. సైకిలు కూడా పోదు."

ఈయన సగం పోస్తే పేను చావదు. తక్కువ మోతాదు మందుకి అది అలవాటు పడితే ఇంకా తంటా. టేబుల్ మీద కాగితం పెట్టి, పొడవు, వెడల్పు, లోతు గీతలు గీసి పావుగంట చెప్పాను. ఆయన తల ఊపుతూ అంతా విన్నారు. బుద్ధిమంతుడు.

"అయితే సగం కాదు, ముప్పావంటారు."

షాపులో ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు, ఇన్వర్టరు ఎన్ని గంటలొస్తుందో అడగడానికి. నేను టేపు తీసి బండి డిక్కీలో పెట్టాను. ఆదివారం పొద్దున్నే వస్తానని, పడవా ఒక గడా సిద్ధంగా ఉంచమని ఆయనతో చెప్పాను. ఆలోగా సీసా మూత తియ్యొద్దన్నాను. మర్చిపోతారని అదే కాగితం వెనక రాసి కూడా ఇచ్చాను. ఆయన దాన్ని మడవలేదు. తన ఫోన్లో ఫోటో తీసుకుని, "ఫోన్లో ఉంటేనే మావాళ్ళు నమ్ముతారండీ" అంటూ కాగితం నాకే తిరిగి ఇచ్చేశారు.