జవాను తాత అప్పగించిన మాట

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎర్రగట్టు ఎక్కి దిగని మనిషి లేడు గానీ, దాన్ని సైకిలు మీద ఎక్కగలిగినవాళ్ళు ఇద్దరే ఉండేవారు. ఒకరు మా బాబాయి. రెండోవారు ఊరంతా జవాను తాత అని పిలిచే పెద్దాయన. రాజమండ్రిలో గోదావరి మీద రైలు వంతెన కొత్తగా వచ్చిన రోజులవి. సైకిలు వస్తోందంటే నాట్లు వేసేవాళ్ళు కూడా నడుములెత్తి చూసేవారు.

మా ఊరు మాగాణికీ మెట్టకీ మధ్యన ఉండేది. కింద కాలువ, దాని వెంట కనుచూపు మేర వరిచేలు. కాలువ వంతెన దాటగానే ఎర్రమట్టి దారి పైకి లేచి, అరమైలు ఎక్కి, జమీందారు గారి దివాణం ముందు ఆగేది. అదే ఎర్రగట్టు. దివాణానికి కావలసిన ఉత్తరాలూ, కోర్టు కాగితాలూ, మందులూ రాజమండ్రి నుంచి తేవడానికి జమీందారు గారు చెన్నపట్నం నుంచి రెండు సైకిళ్ళు తెప్పించి, ఈ ఇద్దరినీ జీతానికి పెట్టారు. కాలువ గట్టు మీద ఎంత దూరమైనా ఎవరైనా తొక్కుతారు. మనిషి సత్తా తేలేది మాత్రం ఎర్రగట్టు దగ్గరే.

బాబాయికి అప్పుడు ఇరవై మూడేళ్ళు. గట్టు మొదట్లోనే సీటు మీంచి లేచి నిలబడి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ తొక్కేవాడు. కింద సైకిలు మెలికలు తిరిగిపోయేది. ఒకరోజు సుడిగాలిలా ఎక్కేసేవాడు, ఇంకోరోజు సగంలో దిగి నెట్టుకుంటూ వచ్చేవాడు. ఆ రోజు ఏ బాబాయి వస్తాడో ఆయనకే తెలిసేది కాదు.

జవాను తాతకి యాభై దాటాయి. సైకిళ్ళు రాకముందు దివాణం జవానుగా ఉత్తరాల సంచీ భుజాన వేసుకుని అదే దారిలో పరిగెత్తిన మనిషి. ఆయన సీటు మీంచి లేవడం ఎవరూ చూడలేదు. నడుము కదిలేది కాదు, భుజాలు కదిలేవి కావు. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో వంతులుగా రోకళ్ళు వేస్తున్నట్టు మోకాళ్ళు మాత్రం ఒకటి లేస్తే ఒకటి దిగేది. చూడడానికి ఏమంత గొప్పగా ఉండేది కాదు. కానీ పైకి చేరేవాడు. ఎవరి తొక్కుడు గొప్పదని అరుగుల మీద వాదులాటలు జరిగేవి. కుర్రకారంతా బాబాయి వైపు, పెద్దవాళ్ళంతా తాత వైపు.

నేను ఎటువైపో చెప్పక్కర్లేదు. మా నాన్న నా నాలుగో ఏటే పోయారు. అమ్మా, నానమ్మా, నేనూ బాబాయి చేతి అన్నమే తింటున్నాం. ఆయన గంట మోగిస్తూ వీధిలోకి వస్తే నాకు పండగే. జవాను తాత ఎదురైతే మాత్రం మొహం తిప్పుకునేదాన్ని. ఆయన నాకు ఏనాడూ కీడు చేయలేదు. బాబాయికి పోటీ కావడమే ఆయన చేసిన తప్పు.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా, కార్తీకం వెళ్ళాక, దివాణం వ్యవహారాలు చూసే దివాను గారు ఇద్దరినీ పిలిపించారు. దివాణానికి టెలిగ్రాం తంతి తీగ వచ్చిందనీ, సగం కబుర్లు దాని మీదే వస్తాయి కాబట్టి ఇక ఒక్క మనిషి చాలనీ అన్నారు. ఎవరిని ఉంచాలో తేల్చడానికి ఆయనే ఒక దారి చెప్పారు. వచ్చే గురువారం పొద్దున్నే ఇద్దరూ ఒకే బరువు సంచులతో కాలువ వంతెన దగ్గర బయలుదేరాలి. దివాణం గుమ్మం ముందుకి ఎవరు ముందొస్తే ఉద్యోగం వారిది.

ఆ వారం రోజులూ మా ఇల్లు ఇల్లులా లేదు. అమ్మ తెల్లవారుతూనే చోడి అంబలి కాచేది. నానమ్మ నువ్వులనూనె వేడిచేసి బాబాయి పిక్కలకి మర్దనా చేసేది. ఇది పోతే మనం ఏం తింటామని ఎవరూ పైకి అనలేదు. అనకపోవడం వల్లే నాకు ఇంకా భయంగా ఉండేది.

బుధవారం సాయంత్రం నేను చిన్న బిందె పట్టుకుని కాలువ రేవుకి వెళ్ళాను. జవాను తాత మెట్ల పక్కన సైకిలు చక్రాలకి పట్టిన మట్టి కడుగుతున్నాడు. నేను తల వంచుకుని నీళ్ళు ముంచుకుంటుంటే పిలిచాడు.

“అమ్మడూ, మీ బాబాయికి నేను చెప్పానని ఒక మాట చెప్తావా? రేపు చింతచెట్టు మలుపు దాటేదాకా సీటు మీంచి లేవొద్దను. పైన వేపచెట్టు కనపడ్డాక అప్పుడు లెమ్మను. మర్చిపోకు, తల్లీ.”

సరేనని తలూపి వచ్చేశాను. దారి పొడుగునా నాకు ఒకటే ఆలోచన. తెల్లారితే పోటీ పెట్టుకుని, ఈయన మంచి మాట ఎందుకు చెప్తాడు? బాబాయి బలమంతా నిలబడి తొక్కడంలోనే ఉంది. అది మాన్పిస్తే తనే గెలవచ్చని ఎత్తు వేశాడనుకున్నాను. ఆ ఎత్తు కనిపెట్టినందుకు నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. అన్నాలు తింటున్నప్పుడు మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముద్దతో పాటు మింగేశాను.

గురువారం పొద్దున్న జనమంతా కొందరు వంతెన దగ్గర, కొందరు దివాణం ముందు చేరారు. నానమ్మకి గట్టంతా ఎక్కడం చేతకాక మేమిద్దరం మలుపు దగ్గర చింతచెట్టు కింద నిలబడ్డాం. అక్కడినుంచి కింద దారంతా కనపడుతుంది గానీ దివాణం కనపడదు. దివాణం ముందున్నవాళ్ళకీ మేము కనపడం.

డప్పు మోగగానే బాబాయి లేచి నిలబడ్డాడు. నేను ఎగిరి గంతేశాను. చూస్తుండగానే తాత బాగా వెనకబడిపోయాడు. కానీ గట్టు సగానికి వచ్చేసరికి బాబాయి సైకిలు ఊగడం ఎక్కువైంది, కదలడం తక్కువైంది. మా దగ్గరికి వచ్చేసరికి మొహం నల్లబడిపోయింది. కాలు కింద పెట్టేశాడు. హ్యాండిలు మీద వాలిపోయి, పొద్దున తాగిన అంబలంతా కక్కేశాడు. నానమ్మ “నాయనా!” అంటూ కొంగుతో మొహం తుడిచింది.

వెనక నుంచి రోకళ్ళ లయతో జవాను తాత వస్తున్నాడు. ఇంకేముంది, దాటిపోతాడనుకున్నాను. నాకు ఏడుపొచ్చేసింది. ఆయన దాటిపోలేదు. మా ఎదురుగా వచ్చి ఆగి, కాలు కింద పెట్టాడు. ఆయన ఛాతీలోంచి పిల్లికూతల్లాంటి చప్పుడు వస్తోంది.

“ఏరా అబ్బాయ్, మలుపు దాటేదాకా లేవొద్దని నీకు చెప్పలేదా?” అన్నాడు.

“ఎవరండీ? నాకెవరూ ఏమీ చెప్పలేదండి,” అన్నాడు బాబాయి ఆయాసపడుతూ.

తాత నా వైపు చూశాడు. నేను చింతచెట్టు వేళ్ళ వైపు చూశాను. ఆయన గొంతు మామూలుగానే వినపడింది.

“అవున్లే, చెప్దామనుకుని నేనే మర్చిపోయాను. ముసలితనం. సర్లే, సీట్లో కూర్చో. నా చక్రం వెనకే రా. నేను ఊపిరి తీసినప్పుడు తియ్యి, వదిలినప్పుడు వదులు. తొందరపడకు.”

ఇద్దరూ ఒకరి వెనక ఒకరు కదిలారు. నేను నానమ్మ చెయ్యి వదిలించుకుని వెనకే పరిగెత్తాను. బాబాయి నడుము కదలకుండా తొక్కడం చూడడం అదే మొదటిసారి. వేపచెట్టు దగ్గర తాత చెయ్యి ఎత్తి, “ఇప్పుడు లే!” అని అరిచాడు. బాబాయి లేచి, ఒక్క ఊపులో ఆయన్ని దాటి, దివాణం గుమ్మం ముందు పడ్డట్టుగా ఆగాడు. జనం ఈలలు వేశారు. దివాను గారు బాబాయి భుజం తట్టబోయారు.

బాబాయి చేతులు కట్టుకుని నిలబడి, “నేను గెలవలేదండి. మలుపులో పడిపోతే ఆయన ఆగి నన్ను తీసుకొచ్చారండి,” అన్నాడు. మా ఇంటి కూడు ఆ మాట మీద ఉందని తెలిసి కూడా అన్నాడు.

దివాను గారు తెల్లబోయి తాత వైపు చూశారు. తాత తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

“నా ఊపిరి నా మాట వినడం మానేసి రెండేళ్ళయిందండి. మొన్న శ్రావణంలో జమీందారు గారి మనవడి జ్వరానికి మందు తెస్తూ ఆ మలుపులోనే చాలాసేపు కూలబడిపోయాను. బాబు దక్కాడు కాబట్టి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. సంచీ దింపేయాలని ఆ రోజే అనుకున్నానండి. కానీ సగం దారిలోనే బలమంతా పారేసుకునేవాడికి ఎలా ఇవ్వనండీ? ఇవాళ వీడు కూర్చుని ఎక్కడం చూశాను. ఇక నాకు బెంగ లేదు.”

దివాను గారు సంచీ బాబాయికే ఇచ్చారు. సైకిళ్ళ మరమ్మత్తు చూసుకుంటూ దివాణంలోనే ఉండిపొమ్మని తాతకి చెప్పారు. అమ్మ ఆ మధ్యాహ్నం ఏడుస్తూనే పాయసం వండింది. నేను ముట్టుకోలేదు.

పొద్దు వాలాక గిన్నెలో పాయసం పెట్టి తాతకి ఇచ్చిరమ్మంది. వెళ్ళాను. గిన్నె అరుగు మీద పెట్టి, మాట కూడదీసుకోలేక ఏడ్చేశాను. ఆయనది ఎత్తుగడ అనుకున్నానని ఎలాగో చెప్పాను. ఆయన కోప్పడలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, నా చేత ముందు రెండు గుక్కల పాయసం తాగించాడు.

“మీ బాబాయి మీద ప్రేమ కొద్దీ అనుకున్నావు. అందులో తప్పు లేదమ్మా. కానీ చేర్చమని ఎవరైనా మాట అప్పగిస్తే అది సంచీలో ఉత్తరం లాంటిది. నాకు నచ్చని ఉత్తరాలు ఎన్ని మోశానో! దారిలో ఒక్కటీ పారేయలేదు. నమ్మాలా వద్దా అన్నది అందుకున్నవాళ్ళ ఇష్టం, తల్లీ. మోసేవాళ్ళది కాదు.”

మలుపులో అబద్ధం ఎందుకు ఆడావని అడిగాను. “అప్పుడు నీకు అంతకంటే ఏం కావాలి?” అన్నాడు నవ్వి.

ఆ తర్వాత ఆయన ఏడేళ్ళు బతికాడు. బాబాయికి నేను నిజం చెప్పింది నా పెళ్ళయి మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు. బాబాయి విని, “ఆయన మర్చిపోయే మనిషి కాదని అప్పుడే అనుకున్నానమ్మా. మరి నేనెందుకు అడగాలి?” అన్నాడు. ఒక చిన్నపిల్ల తప్పుని ఇద్దరు మగవాళ్ళు అన్నేళ్ళు చెరోవైపు కప్పి ఉంచారు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఇంట్లో కోడళ్ళ మాటలు, ఇరుగుపొరుగు కబుర్లు నా చేతుల మీదుగా చాలానే నడిచాయి. ఫలానావారికి ఫలానా మాట చెప్పమంటే, నాకు గిట్టని మాటైనా, గిట్టని మనిషి చెప్పినదైనా, ఒక్క అక్షరం తగ్గించకుండా చేర్చాను. అది ఆయన మాటలతో నేర్పినది. నలుగురిలో ఏ పిల్లయినా తప్పు చేసి తల దించుకుంటే మాత్రం, “అయ్యో, చెప్పడం నేనే మర్చిపోయాను,” అని నా నోటికి ముందే వచ్చేస్తుంది. అది ఆయన ఎప్పుడూ నేర్పలేదు. ఆ చింతచెట్టు కింద ఊరికే నాకు ఇచ్చేశాడు.