గరుకు లేని గొంతు

మా బావకి సొంత పేరు ఉండేది కానీ, రాళ్ల యార్డులో దాన్ని ఎవరూ వాడలేదు. అద్దం మేస్త్రీ అనేవాళ్లు. పాలిష్ అయిన పలకని మిగతావాళ్లు ఒకసారి చూసి సరే అనుకుంటే, ఆయన కళ్లు మూసుకుని ఈ చివర నుంచి ఆ చివరికి అరచేత్తో తడిమేవాడు. ఎక్కడైనా చెయ్యి ఆగిందా, పలక మళ్లీ యంత్రం కిందికి వెళ్లాల్సిందే. "గరుకుంది" అనేవాడు. ఆయన నోట అంతకు మించిన తిట్టు నేను వినలేదు. ఒకసారి మా అక్క కుట్టిన చొక్కా మీద ఆ మాట వాడి, వారం పాటు నలిగిన చొక్కాలతో పనికి వెళ్లాడు.

పొడి లేవకుండా రాయిని నీళ్లు పోస్తూ కొయ్యాలి. బురద ఎత్తిపోయడం దండగ పని అని యార్డు యజమాని పొడిగానే కోయించేవాడు. అందరూ మూతికి గుడ్డ కట్టుకుని పని చేసేవాళ్లు. సాయంత్రం బావ కనుబొమల దాకా తెల్లబడి ఇంటికొస్తే, అక్క గుమ్మంలోనే ఆపి పాత తువ్వాలుతో దులిపేది. లోపలికి పోయిన పొడిని ఎవరు దులుపుతారు? ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయనీ, ఇక వెనక్కి రావనీ, మిగిలినదాన్ని కాపాడుకోవాలనీ డాక్టరు చెప్పాడు. వెలుతురులో పెట్టిన ఎక్స్‌రేని బావ చాలాసేపు చూసి, "పలక బాగా రాలేదు డాక్టరుగారూ" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. యజమాని మీద నాకున్న కోపం రాయడం మొదలుపెడితే ఇది బావ కథ కాకుండా పోతుంది, అందుకని మింగేస్తున్నాను.

నేను స్కూలు వ్యాను నడుపుతాను. పొద్దున పిల్లల్ని దింపేశాక మళ్లీ బడి వదిలేదాకా ఖాళీ. అందుకని బావని ఆసుపత్రికీ, అక్కడి నుంచి లైబ్రరీకీ తిప్పే పని నాకు పడింది. ఆ లైబ్రరీ గోడ మీదే ఒక కాగితం అంటించి ఉంది. కొండ దారిలో నడుస్తూ, చూసింది రాస్తూ, ఫోన్లో కథ తయారు చేయడం నేర్పుతారట. ఫొటోలు మనవే, చప్పుళ్లు మనవే, గొంతు మనదే. బావ కళ్లద్దాలు తుడుచుకుని దాన్ని రెండోసారి చదివాడు.

"నా పేరు రాయించరా" అన్నాడు.

"గుమ్మం దిగితే ఆయాసం నీకు. కొండెక్కుతావా?"

"ఎక్కేవాళ్లు ఎక్కుతారు. నేను కథ చెబుతా."

"ఎవరికి చెబుతావు?"

అప్పటికే ఆయన రెండు మాటలకి ఒకసారి ఆగి ఊపిరి అందుకోవాల్సి వచ్చేది. "మాట తగ్గిపోతోంది... చూస్తున్నావుగా. పూర్తిగా పోకముందే... మీ అక్కకి నా గొంతు... ఒక చోట పెట్టి పోవాలి" అన్నాడు.

అక్క యూనిఫాములు కుడుతుంది. మేం చెప్పింది కుట్టు మిషను ఆపకుండానే వింది. "మనిషి ఉండగా గొంతు దాచుకోవడమేంటి, విడ్డూరం కాకపోతే" అంది. అంటూనే సూదిలో దారం తెగినట్టు మిషను ఆపేసింది. దారం తెగలేదు.

క్లాసు చెప్పే అమ్మాయి బూట్లకి ఎప్పుడూ మట్టి ఉండేది. కొండల వెంట తిరుగుతూ వాటి గురించి రాయడమే ఆమె పని. మొదటి రోజే ఒక నియమం పెట్టింది. "అందంగా ఉంది అనకండి. అక్కడ ఏముందో చెప్పండి. వినేవాళ్లే అనుకుంటారు, అందంగా ఉందో లేదో." నాకది తలనొప్పి వ్యవహారంలా తోచింది గానీ, బావ బుద్ధిగా తలూపాడు. ఆ తర్వాత ఇంట్లో టీ బాగుందని కూడా అనేవాడు కాదు. "వేడిగా ఉంది, గ్లాసు అంచు పగిలింది" అనేవాడు. అక్క గ్లాసు మార్చింది.

కొండ ఊరి చివర ఉంది. మట్టి దారి మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. మిగతావాళ్లు సంచులు తగిలించుకుని ఎక్కిపోయేవాళ్లు. మేం మొదటి మలుపు దగ్గర ఆగిపోయేవాళ్లం. బావ ముక్కుకి గొట్టం, నా భుజాన చిన్న ఆక్సిజన్ సిలిండరు. ఆ మలుపులో గుమ్మమంత ఎత్తు రాయి ఒకటి ఉంది. బావ అలవాటుగా కళ్లు మూసుకుని దాని మీద చెయ్యి వేశాడు. చెయ్యి అడుగడుగునా ఆగుతోంది. పైన బూడిద రంగు మచ్చలు, ఒక చీలికలో నాచు, ఆ నాచులోంచి గోరంత మొక్క, దాని మీదుగా చీమలు. కళ్లు తెరిచి అవన్నీ చూశాక బావ, "యార్డుకి వచ్చే లోపు... వీటన్నిటినీ కడిగేసేవాళ్లు. నాకు ఎప్పుడూ... ఉత్త రాయే ఇచ్చారు" అన్నాడు.

"గరుకుందిగా మరి" అని ఆటపట్టించాను.

"ఉండనీరా. దానికి బాగుంది" అన్నాడు.

బావ కథంతా ఆ రాయి గురించే. వెళ్లినప్పుడల్లా ఫొటో తీశాడు. నాచు దగ్గర ఫోను పెట్టి గాలి చప్పుడు పట్టాడు. తర్వాత రాసుకున్న మాటల్ని ఆ రాయి పక్కన కూర్చునే చదివి రికార్డు చేశాడు. "ఈ రాయిని నేను కొయ్యలేదు. ఇలాంటివి చాలా కోశాను. ముఖాలు కనిపించేంత నున్నగా చేశాను. ఆ ముఖాల్లో నాది కూడా ఉంది. ఇది నన్ను చూపించదు. ఇది రాయిలా ఉంటుంది, దీని పక్కన నేను కూర్చున్నాను." ఇంత చదవడానికి ఆయనకి ఒక పూట పట్టింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి లాగే చప్పుడు, గరగర, అప్పుడప్పుడూ దగ్గు. చదవడం అయ్యాక చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది. నేను తుడుస్తుంటే విసుక్కున్నాడు.

ఆ తర్వాత అతికించే పని మొదలైంది. ఫోన్లో గొంతు ఒక గీతలా కనిపిస్తుంది. మాట ఉన్నచోట గుట్టలా లేస్తుంది, ఊపిరి ఉన్నచోట చిన్న దిబ్బలా ఉంటుంది. అక్కర్లేని చోట రెండు వైపులా కోసి, మిగిలిన ముక్కలు జరిపి కలపాలి. ఈ విద్య బావకి ఎంత తొందరగా పట్టుబడిందంటే, వినకుండానే చూపుతో ఊపిరిని కనిపెట్టేసేవాడు. గోడకి ఆనుకుని, దిండు ఒళ్లో పెట్టుకుని, దాని మీద ఫోను పెట్టుకుని, ఆ దిబ్బల్ని ఒక్కొక్కటే తీసేసేవాడు. అలా తీసేస్తున్నంతసేపూ ఆయన ఛాతీలోంచి అదే చప్పుడు గదంతా వినపడేది. చూడలేక నేను బయటికి పోయేవాణ్ణి.

సగం పని అయ్యాక క్లాసు అమ్మాయికి వినిపించాడు. ఆమె రెండుసార్లు వింది.

"ఊపిరి కొంచెం ఉంచితే బాగుంటుందేమో మేస్త్రీగారూ. మీరు అక్కడికి నడిచి వచ్చారని తెలుస్తుంది."

"సరేనమ్మా" అన్నాడు బావ. వ్యానులో కూర్చోగానే, "పాపం, ఆ పిల్ల... మర్యాదకి అంటోంది. రోగం చప్పుడు... ఎవరికి వినాలని ఉంటుంది?" అన్నాడు.

"ఆమె మర్యాదకి చెప్పే రకం కాదు బావా."

"పలక మీద చెయ్యి... ఆగకూడదురా" అన్నాడు. ఆ మాట తర్వాత ఆయనతో వాదించి గెలిచినవాళ్లు లేరు. ఇంటికి వెళ్లి మిగతా సగం కూడా నున్నగా చేశాడు. అంతా అయ్యాక పాత రికార్డింగులన్నీ ఫోన్లోంచి చెరిపేశాడు. ఎందుకని అడిగితే, పాలిష్ అయ్యాక పొడి ఎవరు దాచుకుంటారు అని నన్నే ఎదురడిగాడు.

ఆ సాయంత్రం ఫోను పట్టుకుని అక్క మిషను దగ్గరికి తనే నడిచి వెళ్లాడు. "ఒకసారి విను" అన్నాడు. అక్క తలెత్తలేదు. "నువ్వు ఎదురుగా ఉన్నావుగా. నువ్వు చెప్పు, వింటా. అందులో వినే రోజు నాకు వద్దు" అంది. బావ గోడ పట్టుకుని వెనక్కి వచ్చేశాడు. మొగుడి ముందు కూర్చుని అది వినడమంటే ఆయన పోతాడని ఒప్పుకోవడమే. అక్క ఒప్పుకోదలుచుకోలేదు. నేను ఆమెని తప్పు పట్టలేను.

లైబ్రరీ హాల్లో అందరి కథలూ తెర మీద వేశారు. అక్క రాలేదు. బావ కథ వచ్చినప్పుడు రాయి పెద్దగా కనిపించింది, చీమలు కనిపించాయి, గాలి వినిపించింది. గొంతు మొదలైంది. ఎంత నిండుగా ఉందంటే, యార్డులో యంత్రం మోతని మించి కేక వేసే ఒకప్పటి బావ గుర్తొచ్చాడు నాకు. ఒక్కచోట తొట్రుపాటు లేదు. కానీ తెర ఎదురుగా మూడో వరసలో గొట్టం పెట్టుకుని కూర్చున్న మనిషి ఊపిరి కూడా హాలంతా వినపడుతూనే ఉంది. ముందు కూర్చున్నవాళ్లు ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూశారు. బావ సిగ్గుపడి రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత అందరూ లేచి చప్పట్లు కొట్టారు. క్లాసు అమ్మాయి మాత్రం కళ్లు తుడుచుకుంటూ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది.

వానలు మొదలయ్యాక బావ పోయాడు. కష్టంగానే పోయాడు. ఆఖరి రోజుల్లో రెండు మాటలు కాదు, ఒక్క మాటే వచ్చేది, దాన్ని కూడా అక్క ఆయన నోటి దగ్గర చెవి పెట్టి వినాల్సి వచ్చేది. ఊపిరికి ఊపిరికి మధ్య గదిలో అందరం బిగుసుకుపోయేవాళ్లం. ఒకసారి ఆ ఖాళీ నిండలేదు.

కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం అక్క కుట్టడం ఆపి, "ఏదిరా, అది పెట్టు" అంది. అక్క మంచం అంచున కూర్చుంది. నేను ఫోను ఆమె చేతికిచ్చాను. ఆమె బొమ్మ చూడలేదు, కళ్లు మూసుకుని చెవికి ఆనించుకుంది. గొంతు వచ్చింది. అక్క ముఖం విచ్చుకోబోయి ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి పెట్టమంది. రెండోసారి విన్నాక, గదిలోకి పరాయి మనిషి ఎవరో వచ్చినట్టు మంచం మీంచి లేచి నిలబడింది.

"ఎవర్రా ఈయన?"

"బావే అక్కా."

"తీసేసిన ముక్కలున్నాయా?"

"లేవక్కా. అన్నీ చెరిపేశాడు."

అక్క ఫోను నా చేతిలో పెట్టేసింది. మిషను దగ్గరికి వెళ్లి కూర్చుని చక్రం మీద చెయ్యి వేసుకుంది.

"మీ బావ రెండు మాటలకి ఒకసారి ఆగేవాడు" అంది. "ఆయన ఆగినప్పుడల్లా నేనూ ఊపిరి బిగబట్టి ఉండేదాన్ని, మళ్లీ అందుకుంటాడా లేదా అని. ఆఖరికి మా కాపురమంతా అదేరా. ఇందులో నేను ఉండే చోటే లేకుండా చేసి పోయాడు."