మత్తెక్కించని దాని పేరు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అనకాపల్లి స్టేషన్లో నా పక్కన కూర్చున్న కొండరైతును నేనిప్పటికీ మరిచిపోలేదు. గంజాయి కంకులు నలిపిన అతని అరచేతులకు నల్లటి జిగురు పట్టి ఉంది. చెమటా మట్టీ కలిసిన ఆ జిగురును గోటితో గీకి, బెల్లం ముక్కలో పొదిగి, కింద పడుకున్న భార్య నోట్లో పెట్టాడు. ఆమె కడుపులో గడ్డ ఉందట.

నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. అయినా లైబ్రరీలో ఒక పత్రికలో చదివింది చెప్పకుండా ఉండలేకపోయాను. ఆ జిగురంతా ఒకే పదార్థం కాదనీ, శాస్త్రజ్ఞులు అందులోంచి కొన్నిటిని వేరుచేశారనీ, వాటిలో ఒకటి మత్తెక్కించదనీ చెప్పాను.

"మాకు గంజాయంటే ఒకటే. మీ పుత్తకంలో అన్నున్నాయేటి బావూ?" అని నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపి, "ఇది నోట్లో ఎడితే నొప్పి తగ్గుతాది గానీ, మా ఆడది నన్నే నువ్వెవులివంటాది. నువ్వు సెప్పిందయితే తెలివి పోకుండా నొప్పి తగ్గుతాదా?" అని అడిగాడు.

మత్తెక్కించదని మాత్రమే చదివాను. నొప్పి సంగతి ఆ పత్రికలో లేదు. తెలియదనడానికి నోరు రాక, "తగ్గుతుంది" అన్నాను.

"దాని పేరేటి?"

"కానబిడియాల్."

అది ఏ మందుల షాపులోనూ దొరకదని నాకు తెలుసు. ఇంతలో నా బండి వచ్చింది. అది కదులుతుంటే అతను కిటికీ వెంట పరిగెత్తుకొచ్చాడు.

"మర్సిపోతన్నాను బావూ, ఇంకోపాలి సెప్పు!"

ఒక్కొక్క అక్షరం విడదీసి మళ్ళీ చెప్పాను.